లేజర్‌కు ముందు కొలిచే అర మిల్లీమీటరు

శ్రోతలకు నమస్కారం. పెళ్లి సంబంధాలు చూస్తున్నారనో, పోలీసు ఉద్యోగానికి వెళ్లాలనో లేజర్ ఆపరేషన్‌తో కళ్లద్దాలు తీసేయించుకోవాలనుకునే పిల్లలు చాలామంది. వాళ్లు ముందుగా అడిగేది ఖర్చెంత, ఎన్నాళ్లు సెలవు పెట్టాలి అనే. దానికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది: "డాక్టరుగారూ, నా కార్నియా మందం ఎంత?"

నల్లగుడ్డు మీద కప్పినట్టుండే పారదర్శకమైన పొరే కార్నియా. మధ్యలో దాని మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. లేజర్ పనంతా అందులోనే జరగాలి. ఒకసారి చెక్కేశాక ఆ భాగం మళ్లీ పెరగదు.

లెక్క చూద్దాం. లాసిక్ అనే లేజర్ ఆపరేషన్‌లో ముందుగా సుమారు 110 మైక్రాన్ల పొరను మూతలా పైకి లేపుతారు. దాని కింద కళ్లద్దాల పవర్‌లో ఒక్కో డయాప్టర్‌కి, అంటే ఒక్కో నంబరుకి, దాదాపు 15 మైక్రాన్లు లేజర్‌తో తీస్తారు. మైనస్ 6 ఉన్నవాళ్లకి 90 పోతుంది. 540లో మూతా, ఇదీ తీసేస్తే కింద 340 మిగులుతుంది. బాగానే ఉంది. అదే 490 మందం, మైనస్ 8 పవర్ అయితే మిగిలేది 260. కనీసం 250 ఉండాలన్నది పాత లెక్క. ఇప్పుడు చాలామంది డాక్టర్లు 300 ఉంటేనే ఒప్పుకుంటున్నారు. మూత తిరిగి అతుక్కున్నా బలానికి పెద్దగా పనికిరాదు మరి. మిగిలిన పొర పలచనైతే కంటి లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బుతుంది, చూపు వంకర్లు పోతుంది.

కొలవడం గురించి టెన్షన్ అక్కర్లేదు. మత్తు చుక్క వేస్తారు, కాసేపు చురుక్కుమంటుంది. పెన్నులాంటి అల్ట్రాసౌండ్ పరికరం కొసను కార్నియాకి అలా తాకించి తీస్తారు. కదలకుండా ఎదురుగా చూస్తే చాలు. ఒకటికి నాలుగుసార్లు కొలుస్తారు. పెంటాకామ్ యంత్రమైతే కంటిని తాకనే తాకదు, ఫొటోలు తీసి కార్నియా అంతటికీ మ్యాప్ గీస్తుంది. ఆ మ్యాప్ తప్పనిసరి అంటాను నేను. మధ్యలో మందం బాగానే ఉండి, పక్కన ఒకచోట పలచబడి కెరటోకోనస్, అంటే కార్నియా శంకువులా ముందుకు ఉబ్బే జబ్బు, మొదలై ఉండవచ్చు. ఎలర్జీతో కళ్లు తెగ నులిమే అలవాటుంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి. కాంటాక్ట్ లెన్సులు కార్నియా ఆకారాన్ని మార్చేస్తాయి కాబట్టి, మెత్తటివైనా సరే, వారం రెండు వారాల ముందే తీసేయాలి.

"మీకు లాసిక్ కుదరదు" అంటే బాధపడకండి, అలా చెప్పిన డాక్టరు మీ చూపు కాపాడుతున్నారు. కుదురుతుందనే మాట కోసం ఇంకో ఆసుపత్రికి పరిగెత్తకండి. మూత లేపకుండా చేసే పీఆర్కే, కార్నియాని చెక్కకుండా కంట్లో లెన్సు పెట్టే ఐసీఎల్ వంటివి కొందరికి సరిపోతాయి.

ఆపరేషన్ అయ్యాక ఆ రిపోర్టులు పారేయకండి. పలచబడ్డ కార్నియా మీద కంటి ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది, గ్లాకోమా, అంటే కంటి నరం దెబ్బతినే నీటికాసుల జబ్బు, ఉన్నా బయటపడకపోవచ్చు. రేపు శుక్లం ఆపరేషన్‌కి లెన్సు పవర్ లెక్కకట్టేటప్పుడూ పాత కొలతలు పనికొస్తాయి. ఏ కంటి డాక్టరు దగ్గరికెళ్లినా, లేజర్ చేయించుకున్నానని ముందే చెప్పి ఆ కాగితాలు చూపించండి.