గేదె చర్మం అదురుతుంది, మన చర్మం అదరదు

శ్రోతలకు నమస్కారం.

గేదె మీద జోరీగ వాలడం చూసే ఉంటారు. తోక అందే చోటైతే తోకతో కొడుతుంది. అందని చోటైతే అక్కడి చర్మాన్ని ఒక్కసారి జలజలా అదిరిస్తుంది, జోరీగ లేచిపోతుంది. కాలు కదలదు, మెడ తిరగదు. చర్మం ఒక్కటే కదులుతుంది.

మన వీపు మీద దోమ వాలితే మనం ఆ పని చెయ్యలేం, చెయ్యి పోవాల్సిందే. గేదెకు చర్మం అడుగున, చర్మాన్నే అంటుకుని, పల్చటి కండపొర ఒకటి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. మనకు అది దాదాపు పోయింది, మెడ దగ్గర మాత్రం కొంత మిగిలింది. పళ్లు బిగబట్టి, కింది పెదవిని గట్టిగా కిందికి లాగి అద్దంలో చూసుకోండి. మెడ మీద నిలువుగా తీగల్లా తేలేది ఆ కోవకు చెందిన కండరమే.

ఈ కండపొర సంగతి ఎందుకంటే, చర్మ పరిశోధనలో ఎక్కువగా వాడే జంతువు చిట్టెలుక. దానికీ ఈ పొర ఉంది. చిట్టెలుక వీపు మీద గుండ్రంగా కాస్త చర్మం తీసేస్తే, సంచి మూతికి తాడు బిగించినట్టు అంచులు లోపలికి ముడుచుకుంటాయి. గాయం చాలావరకు అలాగే మూసుకుపోతుంది. మన గాయమూ కొంత ముడుచుకుంటుంది. కానీ అసలు పని వేరు. అడుగు నుంచి కొత్త కండ పట్టాలి, దాని మీదికి అంచుల నుంచి పైపొర కణాలు పాక్కుంటూ రావాలి.

ఇప్పుడు ఒక మందు రాశాం, ఎలుక గాయం త్వరగా మూసుకుంది. ఆ మందు కొత్త చర్మం మొలిపించిందా, ముడుచుకోవడాన్ని తొందరపెట్టిందా? పైనుంచి స్కేలు పెట్టి కొలిస్తే రెండూ ఒకేలా కనబడతాయి. మనిషికి కావలసింది మొదటిది.

దీనికి 2004లో న్యూయార్క్‌లో రాబర్ట్ గలియానో, జెఫ్రీ గర్ట్నర్ బృందం ప్రకటించిన ఉపాయం చాలా చిన్నది. గాయం చుట్టూ సిలికోన్ ఉంగరం. అంతే. ఆ ఉంగరం అంచుల్ని పట్టి ఉంచుతుంది, ముడుచుకోనివ్వదు. ముడుచుకునే దారి మూసేస్తే చిట్టెలుక గాయం కూడా కొత్త కండ పట్టి, పైపొర పాకి, మన గాయంలాగే మానాలి.

పని ఇలా సాగుతుంది. చిట్టెలుకకు పూర్తిగా మత్తు ఇస్తారు, నొప్పి మందు ఇస్తారు. వీపు మీది వెంట్రుకలు మిషన్‌తో తీసి, మిగిలిన నూగుకు వెంట్రుకలు పోగొట్టే క్రీము కాసేపు రాసి శుభ్రంగా తుడుస్తారు. ఆ క్రీము ఎక్కువసేపు ఉంచితే చర్మం కమిలి, గాయం చెయ్యకముందే వాపు మొదలవుతుంది. తర్వాత వెన్నెముకకు అటొకటి, ఇటొకటి 6 మిల్లీమీటర్ల గుండ్రటి గాయాలు, కండపొర కూడా తెగేలా. అర మిల్లీమీటరు మందం సిలికోన్ రేకు నుంచి కత్తిరించిన ఉంగరాన్ని, గాయం సరిగ్గా నడిమికి వచ్చేలా జిగురుతో అంటించి, సన్నటి నైలాన్ దారంతో చుట్టూ కుట్లు వేస్తారు. పైన పారదర్శకమైన పట్టీ. రెండు గాయాలున్నాయి కాబట్టి ఒకదానికి మందు, రెండోదానికి మందు కలపని పూత.

తప్పులు జరిగేదీ ఇక్కడే. జిగురు చుక్క గాయంలో పడితే ఆ గాయం చెడిపోయినట్టే. కుట్టు వదులైతే ఉంగరం ఊడుతుంది. రెండు ఎలుకలను ఒకే పెట్టెలో పెడితే ఒకదాని ఉంగరం ఇంకొకటి కొరికేస్తుంది, అందుకే విడివిడిగా ఉంచాలి. రోజూ చూడాలి. ఉంగరం ఊడిన గాయాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఎప్పుడు తీసేయాలన్న నియమం ముందే రాసుకోవాలి, ఫలితం చూశాక కాదు!

ఇంకో మాట, వయసు గురించి. నల్ల చిట్టెలుకల్లో 7, 8 వారాల వయసులో వీపు మీది వెంట్రుకల కుదుళ్లన్నీ నిద్రలో ఉంటాయి, చర్మం గులాబీ రంగులో కనబడుతుంది. బూడిద రంగుకో నలుపుకో తిరిగిందంటే వెంట్రుక పెరిగే దశ మొదలైందని గుర్తు. ఆ దశలో గాయం త్వరగా మానుతుంది. రెండు రంగులవీ కలిపితే, మందు చెయ్యని మేలు కూడా మందు ఖాతాలో పడుతుంది.

సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లోనే నిషేధించింది. ఇక్కడ చెబుతున్నది గాయాల పరిశోధన, దానికీ నైతిక సంఘం అనుమతి ఉండాల్సిందే. ఒక ప్రాణిని వాడుకుంటున్నప్పుడు చేతకాని ప్రయోగం చెయ్యడం రెండింతలు తప్పు.

మన చర్మానికి దగ్గర పోలిక పందిది. వెంట్రుకలు పల్చన, పైపొర మందం, చర్మం కింది కొవ్వుకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. చెమట పరిశోధనకు మాత్రం అది పనికిరాదు, మనలా ఒళ్లంతా నీటి చెమట పోసే గ్రంథులు దానికి లేవు. 1962లో లండన్‌లో జార్జ్ వింటర్ పందుల మీద పైపైన గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేశాడు, కొన్నింటిని పాలిథీన్ పొరతో కప్పాడు. కప్పిన గాయాల మీద పైపొర దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. గాలికి ఆరిన గాయం పక్కు కడుతుంది, కణాలు ఆ ఎండిన పొర కిందికి దిగి దారి వెతుక్కోవాలి. తడిగా ఉన్నచోట తిన్నగా పాకుతాయి. మరుసటి ఏడాదే అమెరికాలో మనుషుల చర్మం మీద చేసి చూస్తే అదే తేలింది.

గాయానికి గాలి తగలాలి, ఆరాలి అని మన ఇళ్లల్లో ఇప్పటికీ అంటారు. మోకాలు దోక్కుపోయిన పిల్లవాడికి మంచినీళ్ల ధార కింద మట్టి పోయేదాకా కడగండి. పెట్రోలియం జెల్లీ పల్చగా రాసి, శుభ్రమైన పట్టీ వేసి, రోజూ మార్చండి. లోతు గాయమైనా, జంతువు కరిచినా, చక్కెర వ్యాధి ఉన్నవారి కాలి పుండైనా డాక్టరు దగ్గరికే వెళ్లాలి. పట్టీ గాయానికి అంటుకుపోయిందంటే గాయం ఎండిపోయిందని అర్థం. పీకకండి. కొత్తగా పాకిన పొర కూడా దానితో పాటే వచ్చేస్తుంది. నీళ్లతో నానబెట్టి, అది వదిలేదాకా ఆగండి.