మళ్లీ ఆలోచించమని అడగడం ఎలా?
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పుస్తకాల గొప్పతనం గురించి చెప్పడానికి వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. నేను ఒక్క క్రియ గురించి మాట్లాడి కూర్చుంటాను. ఒకరు ఒక నిర్ణయం తీసుకున్నారు, అది మనకు నచ్చలేదు, మళ్లీ ఆలోచించమని అడగాలి. ఇంట్లో అడుగుతాం, ఆఫీసులో అడుగుతాం, కలెక్టరేట్‌లో అర్జీ పట్టుకుని లైన్లో నిలబడి అడుగుతాం. నోటితో అడిగేటప్పుడు ఎవరూ తప్పు మాట్లాడరు. కాగితం మీదకి వచ్చేసరికే తడబాటంతా.

ముందు ఇంట్లో సంగతి చూద్దాం. సంబంధం వద్దన్న కూతురితో తల్లి “ఇంకోసారి ఆలోచించమ్మా” అంటే అందులో బతిమాలడం వినిపిస్తుంది. అదే సమయానికి తండ్రి చెప్పులేసుకుంటూ “ఇంకోసారి ఆలోచించుకో” అన్నాడనుకోండి, ఇంటిల్లిపాదికీ టెన్షన్. మాటలు దాదాపు అవే, మధ్యలో ‘కొను’ వచ్చి చేరింది, అంతే. వండటం వేరు, వండుకోవడం వేరు. కొను చేరితే ఆ పని ఫలితం చేసినవాళ్లకే చెందుతుంది. ఆలోచించుకో అంటే మంచైనా చెడైనా నీదే, తర్వాత నన్ను అనొద్దు అని. ప్రేమగా చెబితే అది సలహా, గొంతు మారితే బెదిరింపు.

అందుకే అర్జీలో “తమరు పునరాలోచించుకోవాలి” అని రాయకండి. చదివే అధికారికి వేలు చూపించినట్టు ఉంటుంది. ధర్నా చౌక్‌లో మైకు పట్టుకుని “ప్రభుత్వం పునరాలోచించుకోవాలి” అంటే మాత్రం సరిగ్గా అతికింది, అక్కడ ఉద్దేశమే అది కదా.

ఇక ఆలోచించడం, పరిశీలించడం. ఈ రెండిటినీ కలిపేస్తున్నాం. ఆలోచన మనసులో జరిగేది. పరిశీలనకి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి, కాగితమో, లెక్కో, గోడ బీటో. కాబట్టి నిర్ణయం గురించి పునరాలోచిస్తారు, దరఖాస్తును పునఃపరిశీలిస్తారు. “నిర్ణయాన్ని పునరాలోచించాలి” అని పేపర్లలో రోజూ కనిపిస్తుంది, నా చెవికి ఇంపుగా ఉండదు. “ఆ విషయాన్ని ఆలోచించు” అనేవాళ్లు ఉన్నారు కాబట్టి తప్పని కొట్టిపారెయ్యను గానీ, “నిర్ణయంపై” అంటే వాక్యం హాయిగా నడుస్తుంది. కోర్టులో కేసు మళ్లీ మొదట్నుంచీ వింటే అది పునర్విచారణ, దాని దారి వేరే.

ఈ తేడా మనకంటే ఇంటర్ పిల్లలకే బాగా తెలుసు. రీకౌంటింగ్ అంటే మార్కుల కూడిక మళ్లీ చూడటం. రీవెరిఫికేషన్ అంటే దిద్దకుండా వదిలేసిన జవాబు ఏమైనా ఉందా అని చూడటం, దాంతోపాటు స్కాన్ చేసిన జవాబుపత్రం కాపీ చేతికొస్తుంది. యూనివర్సిటీల్లో రీవాల్యుయేషన్ ఉంటుంది, పేపర్ మళ్లీ దిద్దుతారు. ఫీజులు వేరు, ఆశలు వేరు. మా వాడికి మార్కులు తగ్గాయి, ఏదో ఒకటి పెట్టించండి అనే తండ్రికి కొడుకే విడమర్చి చెబుతాడు: “నాన్నా, కూడిక తప్పైతేనే రీకౌంటింగ్‌కి కట్టాలి.”

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ హాల్లో సగం మంది గ్రూప్స్‌కి చదివేవాళ్లే అని చేతుల్లో ఉన్న పాలిటీ పుస్తకాలు చూస్తేనే తెలుస్తోంది. రాజ్యాంగంలో 74వ అధికరణ తీయండి. మంత్రిమండలి ఇచ్చిన సలహాపై పునరాలోచించమని రాష్ట్రపతి అడగవచ్చు. 1978లో 44వ సవరణతో వచ్చిన మాట ఇది. పునరాలోచించాక ఏ సలహా ఇస్తే దాని ప్రకారం రాష్ట్రపతి నడుచుకోవాల్సిందే. 

రాష్ట్రపతిగా ఉన్నప్పుడు కె.ఆర్. నారాయణన్ దీన్ని వాడి చూపించారు. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలని ప్రధాని గుజ్రాల్ మంత్రిమండలి సిఫారసు చేస్తే తిప్పి పంపారు. ఆ ప్రతిపాదనను మంత్రిమండలి వదిలేసింది. 1998లో బిహార్ విషయంలో వాజ్‌పేయి మంత్రిమండలి సిఫారసునూ అలాగే వెనక్కి పంపారు, అప్పటికి అదీ ఆగింది. 1999 ఫిబ్రవరిలో బిహార్ గురించి మళ్లీ సిఫారసు వస్తే ఆమోదించారు.

కలాం గారి సంగతి ఇంకోలా జరిగింది. అక్కడ వర్తించింది బిల్లుల గురించి చెప్పే 111వ అధికరణ. 2006లో లాభదాయక పదవుల బిల్లును (కొన్ని ప్రభుత్వ పదవుల్లో ఉన్నా ఎంపీల సభ్యత్వం పోకుండా చూసే బిల్లు అది) మేలో పార్లమెంటుకు తిప్పి పంపారు. ఉభయసభలూ మార్పు లేకుండానే మళ్లీ ఆమోదించాయి. ఆగస్టులో ఆయన సంతకం పెట్టారు.

చూశారా, అడిగింది ఒకటే, మళ్లీ ఆలోచించమని. ఒకచోట నిర్ణయం మారింది, ఒకచోట మారలేదు. రెండుచోట్లా పునరాలోచన జరిగినట్టే లెక్క. మనం మాత్రం పునరాలోచించమంటే మార్చమన్నట్టే అనుకుంటాం, మార్చకపోతే “అసలు చూడనేలేదండీ” అంటాం. మార్చమని అడగాలంటే దానికి వేరే క్రియలు ఉన్నాయి: రద్దు చేయండి, సవరించండి, మంజూరు చేయండి. ఏది కావాలో అదే రాయాలి.

మరి చదివినవాళ్లు నిజంగా మళ్లీ ఎందుకు ఆలోచిస్తారు? కోర్టుల పద్ధతి చూడండి. తన తీర్పును తానే సమీక్షించే అధికారం సుప్రీంకోర్టుకు 137వ అధికరణ ఇచ్చింది. సివిల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 47 చెప్పే కారణాల్లో ముఖ్యమైనవి రెండు: ఎంత జాగ్రత్తగా ఉన్నా అప్పట్లో చేతికి దొరకని ముఖ్యమైన ఆధారం ఇప్పుడు దొరకడం, లేదా రికార్డు చూడగానే కనిపించే పొరపాటు ఉండటం. నాకు తీర్పు నచ్చలేదు అంటే అక్కడ కుదరదు.

మామూలుగా మన అర్జీ ఎలా ఉంటుంది? “నా యొక్క దరఖాస్తును మరల ఒకసారి పునఃపరిశీలన జరిపించి తగు న్యాయం చేయగలరని ప్రార్థన.” ఇందులో ‘మరల’, ‘ఒకసారి’, ‘పునః’ మూడూ ఉన్నాయి, ఒకటి చాలు. (పాత సినిమాని “మళ్లీ రీరిలీజ్” చేస్తున్నారని చెప్పే ఫ్యాన్స్‌కి మాత్రం మినహాయింపు ఇద్దాం, వాళ్ల ఉత్సాహం అలాంటిది.) ‘పరిశీలన జరిపించి’ అంటే ఆయన ఇంకెవరిచేతో చేయించాలి. ‘పునఃపరిశీలించి’ అంటే పని ఆయనది అవుతుంది. అన్నిటికంటే పెద్ద లోటు ఏమిటంటే, మళ్లీ చూడటానికి ఇందులో కొత్తగా ఏమీ లేదు.

ఇలా రాసి చూడండి: “రేషన్ కార్డు నకలు జతచేయలేదన్న కారణంతో నా ఇంటిస్థలం దరఖాస్తును తిరస్కరించారు. ఆ నకలు ఇప్పుడు జతచేస్తున్నాను. దరఖాస్తును పునఃపరిశీలించవలసిందిగా కోరుతున్నాను.” దరఖాస్తు నంబరు, తిరస్కరించిన తేదీ పైన వేయండి. ఏం చూడాలో, ఎందుకు చూడాలో ఆయనకి అర నిమిషంలో తెలుస్తుంది.

స్పెల్లింగ్ గురించి ఒక్క ముక్క. ‘పునర్పరిశీలన’, ‘పునర్ప్రారంభం’ అని బోర్డుల మీద కూడా చూస్తున్నాం. పునః తర్వాత అచ్చు వస్తే చివరి విసర్గ (ః) ‘ర’ అవుతుంది: పునరాలోచన, పునరావాసం. గ, జ, ద, బ, న, మ, వ లాంటివి వచ్చినా అంతే: పునర్జన్మ, పునర్విభజన, పునర్నిర్మాణం. క, ప వస్తే విసర్గ అలాగే నిలుస్తుంది: పునఃపరిశీలన, పునఃప్రారంభం. చ వస్తే పునశ్చరణ. నోటితో రెండుసార్లు పలికితే చాలావరకు తెలిసిపోతుంది.

చివరగా ఆ ‘గలరు’. “గమనించగలరు, హాజరు కాగలరు, పునఃపరిశీలించగలరు.” గలరు అంటే చేసే శక్తి ఉంది అని. అధికారికి ఆ శక్తి ఉందని మనం చెప్పాలా? ఆహ్వాన పత్రికల్లో, నోటీసుల్లో ఇది ఎంత పాతుకుపోయిందంటే మర్యాద మాటగానే చెల్లిపోతోంది, కాబట్టి పోట్లాడను. అర్జీలో మాత్రం “కోరుతున్నాను” అనే రాస్తాను. అడిగేది నేను కదా, వాక్యంలో నేను కనిపించాలి.

ఎవరి దగ్గరైనా వెనక్కి వచ్చిన దరఖాస్తు ఉంటే సభ అయ్యాక రీడింగ్ రూమ్‌లోకి తీసుకురండి. అక్కడే కూర్చుని తిరగరాద్దాం. తిరస్కరణ కాగితం మర్చిపోకండి, ముందు చదవాల్సింది దాన్నే.