ఎల్‌డాక్ రివ్యూ: డెబియన్ ప్యాకేజీ కట్టేవాళ్ల కోసం

అనంతపురం నుంచి అందరికీ నమస్తే. ఈరోజు ఎల్‌డాక్ అనే టూల్. లువా అనే ప్రోగ్రామింగ్ భాష కోడ్‌లో మూడు గీతలతో మొదలయ్యే కామెంట్లు చదివి హెచ్‌టీఎంఎల్ పేజీలు చేసిపెడుతుంది. పేజీల వాలకం కొంచెం పాతకాలందే, వదిలేయండి. దీన్ని డెబ్‌గా, అంటే డెబియన్ లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ ఫైలుగా, కట్టాలంటే ఎట్లుంటుందో చూద్దాం.

మంచి సంగతి ముందు. మొత్తం లువానే, కంపైల్ చేసేదేం లేదు. ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైల్లో ఆర్కిటెక్చర్ 'ఆల్' అని పెడితే అన్ని ప్రాసెసర్లకీ ఒకటే డెబ్. నెట్ లేని కాలేజీ ల్యాబు మెషీన్లకి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోవచ్చు. పెన్‌లైట్, లువా ఫైల్‌సిస్టం అనే లువా లైబ్రరీల డెబ్‌లు కూడా వెంట ఉండాల, అవి లేకుంటే ఎల్‌డాక్ లేవదు.

తలనొప్పంతా ఆ పెన్‌లైట్ దగ్గరే. ఎల్‌డాక్ నడవాలంటే పెన్‌లైట్ కావాలి, పెన్‌లైట్ డాక్యుమెంటేషన్ తయారవ్వాలంటే ఎల్‌డాక్ కావాలి. ఈ ముడి ఇట్ల విప్పండి. పెన్‌లైట్ బిల్డ్-డిపెండ్స్‌లో (కట్టడానికి కావాల్సినవాటి జాబితా) ఎల్‌డాక్ పేరు పక్కన, యాంగిల్ బ్రాకెట్లలో ఆశ్చర్యార్థకం పెట్టి నోడాక్ అని రాయండి, అంటే డాక్యుమెంటేషన్ లేకుండా కట్టేటప్పుడు ఎల్‌డాక్ అక్కర్లేదని. ముందు నోడాక్ ప్రొఫైల్‌తో పెన్‌లైట్ కట్టి, దాంతో ఎల్‌డాక్ కట్టి, మళ్లీ పెన్‌లైట్‌ని మామూలుగా కట్టండి. చాలామంది ఇక్కడిదాకా చేసి, బిల్డ్ ఎట్ల చేయాలో చెప్పే రూల్స్ ఫైల్ సంగతి మర్చిపోతారు. అందులో ఎల్‌డాక్‌ని పిలిచే లైనుకి కూడా నోడాక్ షరతు పెట్టాల. లేకుంటే 'కమాండ్ నాట్ ఫౌండ్' అని బిల్డ్ ఆడికాడికే ఆగిపోతుంది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఒకే సోర్స్, రెండు బిల్డ్‌లు, రెండూ అచ్చం ఒకటే రావాల. కానీ బిల్డ్‌ల తేడాలు చూపే డిఫోస్కోప్ ప్రతి పేజీలోనూ తేడా ఉందంటోంది. అడుగుకి రండి, మారింది 'లాస్ట్ అప్‌డేటెడ్' లైను ఒక్కటే. ఏమీ చెప్పకపోతే పాత ఎల్‌డాక్ వెర్షన్లు అక్కడ సిస్టం టైమ్ రాసేస్తాయి. అట్లాంటి వెర్షన్లకి డబుల్ డాష్ డేట్ ఆప్షన్‌తో తేదీ మనమే ఇవ్వాల. ప్యాకేజీ మార్పుల చిట్టా అయిన చేంజ్‌లాగ్ నుంచి వచ్చే సోర్స్ డేట్ ఈపాక్ విలువను (సెకన్ల లెక్కలో ఉండే సమయం) డేట్ కమాండ్‌తో తేదీగా మార్చి ఇవ్వండి. ఆ కమాండ్‌కి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) వాడమని చెప్పే డాష్ యూ తప్పనిసరి. మన టైము అర్ధరాత్రి నుంచి తెల్లారి ఐదున్నర లోపు చేంజ్‌లాగ్ ఎంట్రీ రాసుంటే, మన ల్యాప్‌టాప్‌లో ఆరోజు తేదీ పడుతుంది, యూటీసీలో నడిచే బిల్డ్ సర్వర్లో ముందురోజుది పడుతుంది. పగలు పని చేసేవాళ్లకి ఇది కంటికే కనపడదు.

ఇన్‌స్టాల్ జాబితాలో బిల్టిన్, హెచ్‌టీఎంఎల్ సబ్‌ఫోల్డర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. టెంప్లేట్లూ సీఎస్‌ఎస్సూ లువా ఫైళ్లుగా ఆ హెచ్‌టీఎంఎల్ దాంట్లోనే ఉంటాయి. అవి రాకున్నా డెబ్ చక్కగా తయారవుతుంది, ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ కూడా గమ్మునుంటుంది. అందుకే ఆటోప్యాకేజీటెస్ట్ (ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని నడిపి చూసే పరీక్ష) పెట్టండి: మొదటి కామెంట్‌లోనే మాడ్యూల్ ట్యాగ్ ఉన్న చిన్న లువా ఫైల్ ఒకటి, దాని మీద ఎల్‌డాక్ నడిపి, డాక్ ఫోల్డర్లో ఇండెక్స్ పేజీ పడిందా లేదా చూస్తే చాలు.