ఒక యువ డాక్టరుకు రెండేళ్ల టైమ్ ఇద్దాం

అందరికీ నమస్కారం.

పూర్వ విద్యార్థుల సమావేశంలో పాత ప్రొఫెసర్ మైకు పట్టుకుంటే కొత్త భవనమో, ఎంఆర్ఐ మిషనో అడుగుతాడని అనుకుంటారు. నేను అడిగేది ఒకటే. న్యూరాలజీలో డీఎం, అంటే ఎండీ తర్వాత మెదడు, నరాల జబ్బుల మీద చేసే పైచదువు, పూర్తి చేసిన ఒక డాక్టరుకు, పరిశోధన నేర్చుకోవడానికి రెండేళ్ల జీతం.

"ఎంబీబీఎస్, ఎండీ, డీఎం చదివాక ఇంకా నేర్పేదేముంది సార్?" అని మీలోనే ఒకరు పొద్దున అడిగారు. డీఎం మూడేళ్లలో జబ్బును గుర్తుపట్టడం, వైద్యం చేయడం నేర్పుతాం. ఒక ప్రశ్న తేలాలంటే ఎంతమంది రోగులు కావాలి, వాళ్లను ఎవరితో పోల్చాలి, లెక్క ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది, ఇవన్నీ నేర్పేంత వ్యవధి ఉండదు. థీసిస్ ఉంది, నిజమే. అది ఓపీకి, నైట్ డ్యూటీకి మధ్య మిగిలిన గంటల్లో రాసేది.

నేను పనిచేసిన ఒక చోట మా స్టూడెంట్ ఒకమ్మాయి నోటుబుక్కు పెట్టుకుంది. పక్షవాతం వచ్చినవాళ్లకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. చాలామంది ఆ గడువు దాటాకే వచ్చేవాళ్లు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లారు, బండి ఎప్పుడు దొరికింది, స్కాన్ కోసం ఎన్ని ఊళ్లు తిరిగారు, అన్నీ అడిగి రాసేది. ఇంతలో కోర్సు అయిపోయింది. ఇంటి మీద అప్పుంది. ప్రైవేటులో చేరింది. ఆమెను నేనెలా తప్పుపట్టను? నోటుబుక్కు నా బీరువాలో ఉండిపోయింది.

అమెరికా నుంచి వచ్చినవాళ్లకు అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్, పరిశోధన నేర్చుకునే డాక్టర్లకు ఇచ్చే కే23 గ్రాంటు గురించి తెలుసు. అందులో నాకు డబ్బుకన్నా షరతు నచ్చుతుంది. డాక్టరు పనివేళల్లో కనీసం 75 శాతం పరిశోధనకే పోవాలి, చెయ్యి పట్టుకుని నేర్పే గురువు ఉండాలి. పేషెంట్లు ఎక్కువయ్యారని ఓపీకి లాగేసుకోవడానికి వీల్లేదు. ఇక్కడా దారులున్నాయి. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం డీబీటీ, బ్రిటన్‌కు చెందిన దాతృత్వ సంస్థ వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ మన హైదరాబాద్ నుంచే పనిచేస్తూ డాక్టర్లకు ఫెలోషిప్పులిచ్చింది. కానీ అలాంటి పోటీలో నిలబడాలంటే అప్పటికే కొంత పని చేసి చూపాలి. మన పిల్లలు ఆగిపోతున్నది ఆ మొదటి మెట్టు దగ్గరే.

అందుకే జీతంతోపాటు ఒక కాగితం కూడా కావాలి. వారానికి ఒకటిన్నర రోజుకు మించి ఓపీ వేయబోమని కాలేజీ సంతకం చేయాలి. అది లేకుండా మీరు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. నా వంతుగా మూడు నెలల పెన్షన్ చెక్కు రాసి తెచ్చాను, సెక్రటరీ గారికి ఇస్తున్నాను.