సొరల కోసం వెళ్లేవారు ముందు పడవను చూసుకోవాలి

సభాధ్యక్షులకు, కార్యదర్శి గారికి, సముద్రం మీద ఇష్టంతో ఇంతమంది వచ్చిన మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ పలికిన మంచి మాటలకు కృతజ్ఞుణ్ణి. సమయం తక్కువగా ఉంది కనుక మర్యాదలు ఇంతటితో ఆపి విషయంలోకి వస్తాను.

నాకు అప్పగించిన అంశం సొరచేపలు. పసిఫిక్ సముద్రంలోని గలపాగోస్ దీవులకు ఉత్తరాన, దూరంగా విసిరేసినట్టుండే వుల్ఫ్, డార్విన్ దీవుల దగ్గర డైవింగ్ చేయాలంటే లివ్అబోర్డ్, అంటే రోజుల తరబడి అందులోనే ఉంటూ డైవింగ్ చేసే పడవ, తప్ప వేరే మార్గం లేదు. అక్కడ జనావాసం లేదు, ప్రధాన దీవుల నుంచి రాత్రంతా ప్రయాణించాలి. తినడం, పడుకోవడం, సిలిండర్లు నింపుకోవడం, తడిసిన సూట్లు ఆరేసుకోవడం అన్నీ పడవ మీదే. పెద్ద పడవ నుంచి రబ్బరు పడవలోకి మారి, అందరూ ఒక్కసారిగా వెనక్కి వాలి నీళ్లలోకి పడి, ప్రవాహం ఈడ్చుకుపోయేలోగా కిందికి దిగి రాతిని పట్టుకోవాలి. ఆ రాళ్ల నిండా బార్నకిల్స్ అనే గరుకు పెంకుల జీవులు అతుక్కొని ఉంటాయి కనుక చేతులకు తొడుగులు వేసుకుంటాం.

రాతి చాటున ఊపిరి నెమ్మది చేసుకొని, ఎదుట ఉన్న నీలంలోకి చూస్తూ కూర్చుంటే సుత్తిలాంటి తల ఉండే హ్యామర్‌హెడ్ సొరలు వరుసలు వరుసలుగా వస్తాయి. వాటిలో ఒకటి మందను విడిచి, వేగం తగ్గించి, కాస్త పక్కకు ఒరిగితే, రాతి మీది ఏంజెల్ చేపలు గుంపుగా పైకి లేచి దాని ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తింటాయి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు కెమెరా పట్టుకొని ముందుకు దూకుతారు. బుడగలు భళ్లున లేస్తాయి. ఆ సొర తల ఒక్కసారి విదిలించి వెళ్లిపోతుంది, దానితో మందంతా వెళ్లిపోతుంది. కదలకుండా కూర్చోగలిగినవారికే అవి దగ్గరికొస్తాయి. జూన్ నుంచి నవంబరు వరకు డార్విన్ దగ్గర కనిపించే వేల్ షార్కులనే భారీ సొరలలో ఎక్కువ భాగం కడుపు ఉబ్బినట్టుండే పెద్ద ఆడవి.

"భయం వేయలేదా?" అని అందరూ అడుగుతారు. ప్రపంచవ్యాప్తంగా సొరలు రెచ్చగొట్టకుండానే మనుషులను కరిచిన ఘటనలు 2024లో 47 నమోదయ్యాయి. మరోవైపు 2017 ఆగస్టులో గలపాగోస్ రక్షిత జలాల్లో పట్టుబడిన ఒక్క ఓడలోనే ఆరు వేలకు పైగా సొరలు దొరికాయి. ఎవరిని చూసి ఎవరు భయపడాలో మీరే చెప్పండి.

నాకు భయం వేసింది నీళ్లలో కాదు, పడవలో. అది వేరే యాత్ర, వేరే సముద్రం. పడవ పేరు చెప్పను. మా గదులు అడుగు అంతస్తులో ఉండేవి. మెట్లు కాక ఇంకో దారి ఏదని అడిగితే, నడవా చివర పైకప్పులో ఉన్న చదరపు మూత చూపించారు. తెరిచి చూపమన్నాను. ఎంత నెట్టినా అది లేవలేదు. పైకి వెళ్లి చూస్తే దాని మీద శీతల పానీయాల పెట్టెలు పేర్చి ఉన్నాయి! ఆ రాత్రి రెండింటికి హాల్లోకి వెళ్తే మేలుకొని ఉన్న మనిషి ఒక్కడూ లేడు. పదిహేను ఇరవై కెమెరా, టార్చి బ్యాటరీలు మాత్రం ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు వేలాడుతూ చార్జి అవుతున్నాయి. పొద్దున్నే గైడుతో చెప్పాను. నీళ్లలో అంతటి సమర్థుడు నవ్వి, "ఇక్కడ ఎప్పుడూ ఏమీ జరగలేదు సార్" అన్నాడు. తోటివారు నాది చాదస్తమన్నారు. ఇప్పటికీ అనేవారున్నారు, ఈ సభలోనూ ఒకరిద్దరు ఉన్నారు!

2019 సెప్టెంబరు 2న తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ కాలిపోయింది. అడుగు అంతస్తులో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. ఆ పడవకు మెట్లూ ఉన్నాయి, అత్యవసర ద్వారమూ ఉంది. కానీ ఆ రెండూ పైనున్న ఒకే గదిలోకి తెరుచుకుంటాయి, మంటలు ఆ గదిలోనే ఉన్నాయి. రాత్రి తిరుగుతూ కనిపెట్టవలసిన కాపలా మనిషి లేడని విచారణలో తేలింది. 2024 నవంబరులో ఎర్ర సముద్రంలో సీ స్టోరీ అనే పడవ బోల్తాపడితే, తలకిందులైన గదుల్లో చిక్కుకున్న కొందరిని మర్నాడు డైవర్లు ప్రాణాలతో బయటికి తెచ్చారు. ఈ రెండు ప్రమాదాల్లోనూ సొరచేపల ప్రమేయం ఏమీ లేదు.

సొరల గురించి తెచ్చిన చిత్రాలు ఇంకా చాలా ఉన్నాయి, అవి తరువాత చూద్దాం. లివ్అబోర్డ్ మీద వెళ్లివచ్చినవారు ఒకసారి చేతులెత్తండి. మీ గది నుంచి రెండో దారి ఎక్కడికి తేలుతుందో తెలిసినవారు తప్ప మిగిలినవారు దించండి. చూశారు కదా.

యాత్రల కరపత్రాల్లో ఏ నెలలో ఏ సొర కనిపిస్తుందో పట్టికలు వేసి మరీ ఇస్తారు. రాత్రి ఎవరు మేలుకొని ఉంటారో ఒక్క ముక్క రాయరు. మనమూ అడగం, ఎందుకంటే వేలకు వేలు పోసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన యాత్రలో గొడవపడేవాడిగా పేరు తెచ్చుకోవడం ఎవరికీ ఇష్టముండదు. అడగండి. పడవ ఎక్కిన రోజే, బ్యాగు విప్పకముందే, ఆ మూత మీ చేత్తో తెరిచి పైకి ఎక్కి చూడండి. బ్యాటరీలు పగటిపూట, మనుషులు తిరుగుతున్న చోటే చార్జి చేసుకోండి.

వచ్చే ఏడాది మన సభ్యులంతా కలిసి బృందంగా వెళ్లాలనుకుంటున్నారని విన్నాను. కార్యదర్శి గారూ, సభాముఖంగా అడుగుతున్నాను: రాత్రి కాపలా సంగతి, అత్యవసర ద్వారం సంగతి ఒప్పంద పత్రంలో రాయించండి. ఆ కాగితం మాకందరికీ చూపించిన తరువాతే అడ్వాన్సు కట్టండి.