గచ్చిబౌలిలో మూడు గోల్స్, మనకి సున్నా

(2024 సెప్టెంబర్ 11, బుధవారం రాత్రి రికార్డు చేసిన ఎపిసోడ్)

అన్న: నమస్తే అందరికీ. ఎప్పటిలాగే మేమిద్దరం, గాజు అవతల మా బావ. ఇవాళ్టి ఎపిసోడ్ ఐఎస్ఎల్, అదే ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ గురించి. ఎల్లుండి, 13న, కోల్‌కతాలో మోహన్ బగాన్, ముంబై సిటీ మ్యాచ్‌తో సీజన్ మొదలు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ పరిస్థితి ఏంటి, ఎవరితో ఆడుతుంది, అవన్నీ మాట్లాడతామని పోయినవారం మాటిచ్చాం.

చెల్లి: మాట్లాడదాం. ముందు సోమవారం సంగతి తేల్చాలి. నాకింకా కడుపు మండుతూనే ఉంది.

అన్న: సరే, రెండు నిమిషాలు.

చెల్లి: రెండు నిమిషాల్లో అయ్యేదా అన్నా అది? సిరియా చేతిలో 3-0. మన ఊళ్ళో, మన గ్రౌండ్‌లో. గెలిస్తే ఇంటర్‌కాంటినెంటల్ కప్ మనది, డ్రా అయినా వాళ్ళది. లెక్క అంత స్పష్టంగా ఉంది. గెలిచి తీరాల్సిన మ్యాచ్‌లో ఏడో నిమిషానికే గోల్ ఇచ్చేశాం.

అన్న: అల్ అస్వద్ బాగా కొట్టాడు.

చెల్లి: కొట్టాడు, ఎవరు వద్దన్నారు? వాడికి కొట్టే జాగా ఎవరిచ్చారు? బాక్స్‌లో బంతి పడితే దాన్ని బయటికి తన్నేయడం కూడా రాదా మనవాళ్ళకి? జాతీయ జట్టు అది. పది మంది ఉన్నారు అక్కడ, ప్రతివాడూ ఇంకొకడు తీస్తాడులే అని చూస్తున్నాడు.

అన్న: కీసర పెనాల్టీ లాగా.

చెల్లి: ఆ పేరు ఈ షోలో ఎత్తొద్దనుకున్నాం.

అన్న: బావ నవ్వుతున్నాడు, నేను కాదు.

చెల్లి: మారిషస్‌తో 0-0. వాళ్ళ ర్యాంకు 179, మనది 124. సిరియా 93, సరే, మనకన్నా గట్టి టీమే, ఒప్పుకుంటా. కానీ రెండు మ్యాచ్‌లు కలిపి 180 నిమిషాలు, రెండూ గచ్చిబౌలిలోనే, ఒక్క గోల్ లేదు. ఒక్కటంటే ఒక్కటి.

అన్న: మారిషస్ మ్యాచ్ అప్పుడు నాకు ఆట మీద మనసే లేదు. ఖమ్మం మునిగింది. విజయవాడలో బుడమేరు పొంగి జనం డాబాల మీద ఉన్నారు. ఆ మంగళవారం స్టేడియంలో కూర్చుని కూడా ఫోన్ చూస్తూనే ఉన్నాను.

చెల్లి: నేనూ అంతే. సింగ్‌నగర్‌లో పిన్ని వాళ్ళకి రెండు రోజులు పాలు కూడా అందలేదు. ఇప్పుడు నీళ్ళు తీశాయి, బురద ఎత్తిపోసుకుంటున్నారు. పిన్నీ, వింటున్నావా, నిన్న ఫోన్ ఎత్తలేదు నువ్వు. రేపు చేస్తాను.

అన్న: ఫ్రిజ్ గురించి ఆలోచించొద్దని చెప్పు.

చెల్లి: చెప్పాను. వినదు. సరే... సిరియా.

అన్న: ఐఎస్ఎల్...

చెల్లి: సిరియా. 76వ నిమిషం. ఈ నంబర్ నాకు నిద్ర పట్టనివ్వట్లేదు. జనవరిలో ఏషియన్ కప్, అల్ ఖోర్‌లో అల్ బైత్ స్టేడియం, ఇదే సిరియా. ఒమర్ ఖ్రిబిన్ గోల్ 76వ నిమిషంలో. మొన్న ఇరాందుస్త్ గోల్ కూడా 76వ నిమిషంలోనే. అదే ప్రత్యర్థి, అదే నిమిషం. డెబ్భై దాటగానే మనవాళ్ళ కాళ్ళు బరువెక్కుతున్నాయి, వెనక్కి పరిగెత్తేవాడు లేడు. దీన్ని దురదృష్టం అంటే నేను ఒప్పుకోను.

అన్న: సీజనే మొదలు కాలేదు కదమ్మా. ప్రీ సీజన్ కాళ్ళు అవి. మ్యాచ్ ఫిట్‌నెస్ ఎక్కడి నుంచి వస్తుంది?

చెల్లి: సిరియా వాళ్ళు యుద్ధం వల్ల సొంత దేశంలో హోమ్ మ్యాచ్ ఆడి పదేళ్ళు దాటింది. వాళ్ళకి లేని సాకు మనకెందుకు? మన ప్లేయర్లకి మంచి హోటలుంది, ఫిజియో ఉన్నాడు, మనలాంటి పిచ్చివాళ్ళు పండగ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వెళ్ళి గొంతు పోయేలా అరుస్తున్నారు. తిరిగి ఏం ఇచ్చారు?

అన్న: అరిచిన వాళ్ళ సంగతి నేను చెప్తా. మన వెనక వరుసలో ఆయన గుర్తున్నాడా, నీలం కండువా?

చెల్లి: గుర్తున్నాడు.

అన్న: అక్కడ పిచ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంటుంది కదా, మనం కూర్చునే చోటుకి ఆట చాలా దూరం. వీపు మీద నంబర్ సరిగ్గా ఆనదు. ఆయన గంటసేపు ఒకే ప్లేయర్‌ని పేరు పెట్టి తిట్టాడు. పాస్ తప్పితే వాడే, కార్నర్ పోతే వాడే. ఆ తర్వాత సబ్‌స్టిట్యూషన్ మైకులో చెప్పారు. ఆయన తిడుతున్న కుర్రాడు అప్పుడే బెంచ్ మీంచి లేచి షర్ట్ సర్దుకుంటూ లోపలికి వస్తున్నాడు. అప్పటిదాకా వాడు గ్రౌండ్‌లోనే లేడు.

చెల్లి: అవును. ఆయన పక్కన కూర్చున్న పిల్లాడు అడిగాడు కూడా, నాన్నా ఇతనేనా అని.

అన్న: చూశావా? తిట్టడానికి ఒక పేరు దొరికితే చాలు. ఓడిన ప్రతిసారీ ఇదే. ఒకడిని పట్టుకుంటాం, ఇంటికెళ్ళి పడుకుంటాం.

చెల్లి: ఆయన తిట్టింది తప్పు మనిషిని. అంతమాత్రాన గ్రౌండ్‌లో తప్పు జరగలేదని కాదు. నేను పేరు పెట్టి తిట్టట్లేదు, పని గురించి అంటున్నాను. ఫార్వర్డ్ అన్నవాడు షాట్ కొట్టాలి. బాక్స్ అంచుదాకా వస్తారు, బంతిని బలమైన కాలికి మార్చుకుంటారు, తలెత్తి చూస్తారు, ఆ లోపు ఇద్దరు డిఫెండర్లు ముందుంటారు. మళ్ళీ వెనక్కి పాస్. నేను కాలేజీలో వింగ్ ఆడినదాన్ని, ఆ అర సెకను విలువ నాకు తెలుసు.

అన్న: నువ్విప్పుడు అన్నావే, బలమైన కాలు. సరిగ్గా దీనికే రహీం సాబ్...

చెల్లి: ఎల్లో కార్డ్. మళ్ళీ పాత కథలోకి వెళ్తున్నావ్.

అన్న: విను, ఇది వేరే.

చెల్లి: ప్రతిసారీ వేరే అంటావ్.

అన్న: పాతకాలం ఇండియా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ ఊళ్ళో పిల్లలకి టోర్నమెంట్లు పెట్టేవాడు. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ ఉండకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. అలా పెరిగిన కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఏ కాలికి బంతి వచ్చిందన్న ఆలోచనే ఉండదు. మొన్న నువ్వు చూసిన ఆ అర సెకను పన్నెండేళ్ళప్పుడు పోవాల్సింది. ఇరవై ఆరేళ్ళకి నేషనల్ క్యాంపులో వారం రోజుల్లో పోదు. అందుకే ప్లేయర్లని తిట్టకు అంటున్నా.

చెల్లి: బాగుంది. మరి వాళ్ళు నేర్చుకోరా? ప్రొఫెషనల్స్ కదా? రోజూ ట్రైనింగ్ అయ్యాక ఎడమ కాలితో యాభై షాట్లు కొట్టమను. ఎవరాపారు?

అన్న: కొట్టినా మ్యాచ్‌లో ఎక్కడ వాడతారు? ఐఎస్ఎల్‌లో పది సీజన్లయ్యాయి. ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ పదిసార్లూ విదేశీ ప్లేయర్‌కే. కోరో, ఒగ్బెచె, మొన్న డియామంటకోస్. ఒక్క భారతీయుడు లేడు. నలుగురు విదేశీయులని ఆడించొచ్చు, ప్రతి క్లబ్బూ నంబర్ నైన్, అంటే ముందుండి గోల్ కొట్టే స్థానం వాళ్ళకే ఇస్తుంది. మన కుర్రాళ్ళని వింగ్‌లోకి తోస్తారు. వడ్డించడం మనవాళ్ళ పని, తినడం వాళ్ళ పని. ఏడాదంతా అలా ఆడించి, జాతీయ జట్టుకి రాగానే గోల్ కొట్టు అంటే ఎలా కొడతాడు?

చెల్లి: ఛెత్రి ఎలా కొట్టాడు?

అన్న: ఛెత్రిని మధ్యలోకి తీసుకురాకు.

చెల్లి: ఎందుకు తీసుకురాకూడదు? అదే లీగ్, అదే రూల్స్. 2017-18లో బెంగళూరుకి 14 గోల్స్ కొట్టాడు. దేశానికి 94. ఎత్తు చూస్తే మన బావంత లేడు. ఎవరూ వడ్డించలేదు ఆయనకి, లాక్కుని తిన్నాడు. జూన్ 6న సాల్ట్‌లేక్‌లో ఆయన ఏడుస్తూ వెళ్ళిపోయాడు. మూడు నెలలైంది. ఆ ఖాళీలోకి నేనొస్తాను అని ఒక్కడు కూడా ముందుకి రావట్లేదని నా బాధ.

అన్న: ఒక్క మనిషి మీద పంతొమ్మిదేళ్ళు బండి నడిపాం. ఆయన తర్వాత ఎవరని ఫెడరేషన్ ఆలోచించిందా, క్లబ్బులు ఆలోచించాయా? అది వదిలేసి కుర్రాళ్ళ మీద పడతావేంటి?

చెల్లి: ఫెడరేషన్‌ని కూడా అంటాను. కానీ ఫెడరేషన్ గ్రౌండ్‌లోకి వచ్చి ప్రత్యర్థి వెంట వెనక్కి పరిగెత్తదు కదా అన్నా! మార్చిలో గువాహటి మర్చిపోయావా? 158వ ర్యాంకు అఫ్గానిస్తాన్. ఛెత్రి 150వ మ్యాచ్, ఆయన పెనాల్టీతో 1-0 మనమే ముందు. చివరి ఇరవై నిమిషాల్లో రెండు ఇచ్చేసి 1-2. అదీ సొంత గడ్డే. ప్రతిసారీ సిస్టం, సిస్టం. సిస్టం చెడ్డదే. ఆ చెడ్డ సిస్టంలో కూడా ఆ రాత్రి ఇరవై నిమిషాలు నిలబడి ఉండొచ్చు.

అన్న: ...అది నిజమే.

చెల్లి: ఈ ఏడాది ఇంకా ఒక్క మ్యాచ్ గెలవలేదు మనం. సెప్టెంబర్ వచ్చేసింది.

అన్న: తెలుసు. కొత్త కోచ్ మనోలోకి ఇవి మొదటి రెండు మ్యాచ్‌లే అని మాత్రం గుర్తుపెట్టుకో.

చెల్లి: మనోలోని నేను ఒక్క మాట అనను. ఆయన మన హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్‌గా ఉన్నప్పుడు, 2022 మార్చి 20, ఫతోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, కేరళ వాళ్ళ పసుపు సముద్రం నిశ్శబ్దమైపోయింది, కప్పు మనకొచ్చింది. ఆయన మీద నాకు తీరని ఋణం ఉంది.

అన్న: కానీ ఎఫ్‌సీ గోవా క్లబ్బు, ఇండియా జట్టు రెండూ ఒకేసారి ఆయనే చూడటం...

చెల్లి: అది నాకూ నచ్చలేదు. జాతీయ జట్టు కోచ్‌కి ఇంకో ఉద్యోగం ఉండకూడదు. ఇది ఆయన తప్పు కాదు, ఆయన్ని అలా పెట్టుకున్నవాళ్ళది.

అన్న: ఆయన గచ్చిబౌలి టచ్‌లైన్ మీద నిలబడితే నాకు మాత్రం ఏదోలా అనిపించింది. అదే చోట మనకోసం అరిచేవాడు. ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అసలు ఈ ఊరికి ఎలాంటి...

చెల్లి: వస్తోంది. చూడండి, వస్తోంది.

అన్న: రానీ. 1950 నుంచి 54 దాకా రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ గెలిచింది. ఐదేళ్ళూ బొంబాయి వెళ్ళి తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, ఆ టీమ్‌లో మన ఊరివాళ్ళు ఎంతమంది! 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్, దక్షిణ కొరియా మీద 2-1. స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తోంది. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకి కుట్లు. రహీం సాబ్ అతన్ని ఫార్వర్డ్‌లో పెట్టాడు, అతను గోల్ కొట్టాడు. ఆ సాబ్‌కి అప్పటికే క్యాన్సర్. ఏడాది తిరక్కుండానే పోయాడు.

చెల్లి: రెండో ఎల్లో. చాయ్ నీదే.

అన్న: ఇస్తాను, అందరికీ ఇస్తాను. కానీ ఒక్క మాట చెప్పనీ. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. హంగరీ అంటే అప్పట్లో ఏం టీమ్! ఆయన పోయినేడాది ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయాడు. అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ సాబ్ ఇక్కడ పోయాడు. పెలే ఆడిన కాస్మోస్ టీమ్ మీద ఈడెన్‌లో గోల్ కొట్టిన మనిషి. సోమవారం స్టేడియంలో వాళ్ళ ఫొటో ఒక్కటి నాకు కనబడలేదు. పదివేల రూపాయల ఫ్లెక్సీ కూడా అవసరం లేదు, ఒక చిన్న బోర్డు చాలు. ఆ పిల్లాడు నాన్నని అడగాలి కదా, వీళ్ళెవరు అని.

చెల్లి: ...ఆ కార్డ్ వెనక్కి తీసుకుంటున్నా.

అన్న: వద్దు, ఉంచు.

చెల్లి: కాదు, నిజంగానే. నేను అమ్ముగూడ మీదుగా ఎన్నిసార్లు వెళ్ళాను, ఒక్కరోజు కూడా ఆగలేదు. కానీ అన్నా, ఆ పేర్లు తలుచుకుంటే నాకు కోపం ఇంకా పెరుగుతుంది. జర్నైల్ సింగ్ కుట్లతో హెడర్ కొట్టాడు. మొన్న మనవాళ్ళు రెండో గోల్ పడ్డాక తల దించుకుని సెంటర్ సర్కిల్‌కి నడిచారు. నడిచారు! ఇంకా పావుగంట ఆట ఉంది. బంతి పట్టుకుని పరిగెత్తుకెళ్ళి సెంటర్‌లో పెట్టేవాడు ఒక్కడు కావాలి. దానికి అకాడమీ అక్కర్లేదు, ఎడమ కాలు అక్కర్లేదు.

అన్న: దానికి నా దగ్గర జవాబు లేదు.

చెల్లి: 96వ నిమిషంలో సబ్బాగ్ మూడోది కొట్టేసరికి మన వరుసలో మనం తప్ప ఎవరూ లేరు.

అన్న: బావ టైమ్ చూపిస్తున్నాడు. ఐఎస్ఎల్ అన్నాం.

చెల్లి: చెప్పు, చెప్పు.

అన్న: హైదరాబాద్ ఎఫ్‌సీ. పోయిన సీజన్ 22 మ్యాచ్‌లు, ఒకే గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు. జీతాలు అందక విదేశీ ప్లేయర్లు వెళ్ళిపోయారు, సీనియర్లు వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతోనే కోచ్ సింగ్టో సీజన్ ముగించాడు. కొత్త యాజమాన్యం మాట వినబడుతోంది. టీమ్ ఉండటమే నాకు ముఖ్యం, గెలుపు తర్వాత.

చెల్లి: ఆ కుర్రాళ్ళు చెన్నై వెళ్ళి చెన్నైయిన్‌ని 1-0తో ఓడించారు. జీతం లేకుండా. అదే నేను మొదట్నుంచీ అంటున్నది.

అన్న: అంటే నీ మాట గెలిచిందనా?

చెల్లి: గెలుపు కాదు. మనసుంటే ఆడతారని. గుగులోత్ సౌమ్యని చూడు, నిజామాబాద్ జిల్లా తండా నుంచి క్రొయేషియా వెళ్ళి డినామో జాగ్రెబ్‌కి ఆడింది. ఆ అమ్మాయి బంతి పోతే ఎలా వెంటపడుతుందో ఒక్కసారి వీడియో చూడమను మన వింగర్లని.

అన్న: సౌమ్య మీద పూర్తి ఎపిసోడ్ చేస్తామని ఎప్పుడో చెప్పాం.

చెల్లి: నువ్వే వాయిదా వేస్తున్నావ్.

అన్న: నేనా? నువ్వు ఆ రోజు...

చెల్లి: కీసర కాదు కదా?

అన్న: కాదు. బావా, ఇది కట్ చెయ్. సరే, శుక్రవారం మ్యాచ్ ఎవరింట్లో?

చెల్లి: మీ ఇంట్లో. వదినకి ఇప్పటికే చెప్పాను.