సెకండ్ హ్యాండ్‌లో టర్బో తీసుకోవచ్చా? రెండు వెన్యూలు పక్కపక్కన పెట్టి చూద్దాం

నమస్కారం అండి. నా వెనకాల రెండు బండ్లు ఉన్నాయి చూడండి. రెండూ హ్యుందాయ్ వెన్యూలే, రెండూ 2020 మోడల్, రెండూ పెట్రోల్, రెండూ మాన్యువల్. తెల్లదాంట్లో ఉన్నది 1.2 లీటర్ మామూలు ఇంజిన్, నీలం దాంట్లో 1.0 లీటర్ టర్బో. ఒకటి నా ఫ్రెండ్‌ది, ఇంకోటి మా కాలనీలో ఒకాయనది, ఈ వీడియో కోసం రెండు రోజులు ఇచ్చారు. "అన్నా, టర్బో బండి మంచి రేటుకే వస్తోంది, కానీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలంటే టెన్షన్‌గా ఉంది" అని మెసేజ్‌లు చాలా వస్తున్నాయి, అందుకే ఈ వీడియో.

ముందు చిన్న ఇంజిన్‌కి ఎక్కువ పవర్ ఎలా వస్తుందో చెప్తాను, ఎందుకంటే తర్వాత చెప్పేవన్నీ దీని మీదే ఉంటాయి. సైలెన్సర్ వైపు వెళ్లిపోయే వేడి పొగ ఉంటుంది కదా, దాంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. అదే ఇరుసుకి రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది, అది బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. దీన్నే టర్బో అంటారు. గాలి ఎక్కువ వెళ్తే పెట్రోల్ ఎక్కువ మండించొచ్చు, అంతే. కానీ ఆ ఇరుసు నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరుగుతుంది, ఒక పక్క మంటలాంటి పొగ, ఇంకో పక్క మామూలు గాలి. దాన్ని కాపాడేది ఇంజిన్ ఆయిల్ పల్చటి పొర. టర్బోకి వేరే ఆయిల్ ఉండదు, ఇంజిన్‌లో తిరిగే ఆయిలే దానికీ వెళ్తుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు లెక్కలు. 1.2 ఇంజిన్ పవర్ 83 పీఎస్, టార్క్ అంటే లాగే బలం దాదాపు 115 ఎన్ఎం, అది కూడా 4,000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి 4,000 సార్లు తిరిగేటప్పుడు. టర్బో 120 పీఎస్, 172 ఎన్ఎం, అదీ 1,500 నుంచే మొదలు. సైజు మాత్రం 1,000 సీసీ కూడా నిండదు. నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కారు ఇంజిన్ 1,200 సీసీ దాటకపోతే పన్ను తక్కువ, అందుకే మన దగ్గర కంపెనీలన్నీ ఈ సైజుల చుట్టూనే తిరుగుతుంటాయి.

రోడ్డు మీద ఎలా ఉన్నాయి? నిన్న పొద్దున ఆఫీస్ టైంలో కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీ దాకా రెండూ నడిపాం. నిజం చెప్పాలంటే ఆ ట్రాఫిక్‌లో నాకు తెల్లదే హాయిగా అనిపించింది. కాలు ఎంత నొక్కితే అంత కదులుతుంది, రెండో గేర్‌లో పాకుతూ వెళ్లినా గొడవ చేయదు. టర్బోది 1,500 లోపు కొంచెం మగత, ఆ తర్వాత ఒక్కసారిగా లాగుతుంది, ముందు బండి రెండడుగుల దూరంలో ఉన్నప్పుడు ఆ లాగుడు మనకెందుకు?

మధ్యాహ్నం ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక కథ మారిపోయింది. నలుగురం కూర్చుని, ఏసీ వేసుకుని, లారీని దాటాలంటే తెల్లదానికి ఒక గేర్ తగ్గించాలి, ఇంజిన్ అరవాలి, అప్పుడు కదులుతుంది. నీలం దాంట్లో గేర్ ముట్టుకోనక్కర్లేదు. ఘాట్ రోడ్లలో అయితే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది, మామూలు ఇంజిన్ వెయ్యి మీటర్లకి దాదాపు పది శాతం బలం పోగొట్టుకుంటుంది, టర్బో గాలిని ఒత్తి పంపుతుంది కాబట్టి దానికి ఆ ఇబ్బంది తక్కువ. ఏడాదికి నాలుగుసార్లు ఫ్యామిలీతో తిరుమలో అరకో వెళ్లేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

మైలేజ్ గురించి ఒక్క మాట. కంపెనీ లెక్కలో ఈ మోడల్‌కి 1.2ది లీటర్‌కి 17.52 కిలోమీటర్లు, టర్బో మాన్యువల్‌ది 18.27. అంటే కాగితం మీద టర్బోనే ఎక్కువ. మెల్లగా నడిపితే అలాగే ఇస్తుంది, లాగుడు బాగుందని ప్రతి సిగ్నల్ దగ్గరా కాలు నొక్కితే ఇవ్వదు.

ఇక అసలు విషయం, సెకండ్ హ్యాండ్. "టర్బో అంటే పోతుంది" అనే మాట మనలో బాగా పాతుకుపోయింది. అలా అనేవాళ్లు కూడా ఎన్నోసార్లు రెండు లక్షల కిలోమీటర్లు దాటిన డిజైర్ డీజిల్ ట్యాక్సీలో కూర్చుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి ఉంటారు. ఆ 1.3 డీజిల్‌లో ఉన్నదీ టర్బోనే. మరి అది ఎందుకు నిలబడింది? ఎక్కువగా హైవేలో తిరుగుతుంది, ఇంజిన్ ఉండాల్సిన వేడికి చేరేదాకా నడుస్తుంది, డ్రైవర్‌కి అదే బతుకుతెరువు కాబట్టి ఆయిల్ మార్చడం మానడు.

దీనికి పూర్తిగా ఎదురు కథ మా ఇంట్లోనే జరిగింది. మా బావగారు మూడేళ్ల క్రితం ఒక టర్బో పెట్రోల్ కొన్నారు, ఏ కంపెనీదో చెప్పను, తప్పు కంపెనీది కాదు. 2019 బండి, రీడింగ్ 31,000. కిలోమీటర్లు తక్కువ, లోపల సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి, నేను కూడా చూసి బాగుంది అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కొన్న ఆరు నెలలకి శ్రీశైలం వెళ్తుంటే, డ్యాం దాటి పైకి ఎక్కేటప్పుడు పికప్ పోయింది, వెనక నీలం పొగ. పిల్లలు, అక్క, మా పెద్దమ్మ అందరూ బండిలోనే ఉన్నారు. టో చేయించి, విప్పించి చూస్తే టర్బోకి ఆయిల్ వెళ్లే సన్న పైపులో మడ్డి గట్టిగా పేరుకుపోయి ఉంది. ఆయిల్ అందక బేరింగ్ అరిగిపోయింది. బిల్లు 80 వేలు దాటింది.

అప్పుడు కూర్చుని సర్వీస్ రికార్డు సరిగ్గా చదివాం. 2020 ఫిబ్రవరి తర్వాత మళ్లీ సర్వీస్ 2022 ఏప్రిల్‌లో. లాక్‌డౌన్‌లో బండి తిరగలేదు కదా, ఆయిల్ ఎందుకు మార్చాలి అనుకున్నారు పాత ఓనర్. తిరిగినప్పుడు కూడా కూరగాయలకి, స్కూల్‌కి, రెండు మూడు కిలోమీటర్లే. ఇంజిన్ వేడెక్కకముందే ఆపేస్తే పెట్రోల్ కొంచెం కొంచెంగా ఆయిల్‌లోకి దిగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది, పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజిన్లలో ఇది ఇంకా ఎక్కువ. అలా పాడైన ఆయిల్‌ని మార్చకుండా వదిలేస్తే అదే మడ్డి కడుతుంది. అందుకే టర్బో బండి చూసేటప్పుడు నేను 30 వేల రీడింగ్ చూసి మురిసిపోవడం మానేశాను. 70 వేలు తిరిగి, ప్రతి ఏడాదీ తేదీ ప్రకారం సింథటిక్ ఆయిల్ మారినట్టు బిల్లులు ఉన్న బండిని నేను ముందు పెడతాను.

చూడటానికి వెళ్లినప్పుడు ఏం చేయాలంటే, ముందు రోజే ఓనర్‌కి చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజిన్ నిజంగా చల్లగానే ఉందో లేదో చూడండి. స్టార్ట్ చేయగానే ఒకరు వెనక నిలబడి పొగ చూడాలి, నీలంగా వస్తే ఆయిల్ మండుతున్నట్టు. ఇదిగో, కెమెరా ఇటు తిప్పు, ఈ గాలి పైపు జాయింట్ చూడండి, ఇక్కడ కొంచెం చెమ్మలా ఉంటే ఫర్వాలేదు, ఆయిల్ కారుతూ ఉంటే వద్దు. తర్వాత మూడో గేర్‌లో 1,500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్‌ని మెల్లగా పూర్తిగా నొక్కండి. సన్నటి ఈల మామూలే. సైరన్‌లా కూత వచ్చినా, లాగుతూ లాగుతూ మధ్యలో చచ్చుపడినా వదిలేయండి. కంప్యూటర్ ట్యూనింగ్ చేయించి పవర్ పెంచిన బండి అని తెలిస్తే నేనైతే టెస్ట్ డ్రైవ్ కూడా చేయను.

మామూలు ఇంజిన్‌కి ఈ చెకింగ్‌లు అక్కర్లేదని కాదు, కానీ అది పాత ఓనర్ అశ్రద్ధని కాస్త ఓర్చుకుంటుంది. విప్పదీయడానికి, బాగుచేయడానికి ఏ ఊళ్లో అయినా మెకానిక్ దొరుకుతాడు. సీఎన్‌జీ కిట్ వేయించే ఆలోచన ఉన్నా ఇదే తీసుకోండి.

కాబట్టి బిల్లులు లేవు, ఓనర్ "షోరూమ్‌లోనే చేయించాం, కాగితాలు ఎక్కడో ఉన్నాయి" అంటున్నాడు, మీది ఎక్కువగా సిటీ డ్రైవింగ్ అంటే తెల్లది, ఆలోచించక్కర్లేదు. బిల్లులన్నీ తేదీలతో ఉన్నాయి, నెలకి రెండుసార్లు విజయవాడ వెళ్లొస్తారు, ఆయిల్ మీరు కూడా టైంకి మారుస్తారు అంటే నీలం దాన్ని భయం లేకుండా తీసుకోండి. హైవే మీద గట్టిగా నడిపి వచ్చి ఆపేటప్పుడు మాత్రం ఒక నిమిషం ఇంజిన్ అలాగే ఉంచి ఆపండి, టర్బో కాస్త చల్లబడుతుంది.

రేపు మా పిన్ని కొడుకు కోసం కొంపల్లిలో ఒక 2021 టర్బో చూడటానికి వెళ్తున్నాం. 58,000 తిరిగింది, నాలుగు సర్వీస్ బిల్లులు వాట్సాప్‌లో పంపారు. పొద్దున ఆరున్నరకి వస్తాం, అప్పటిదాకా తాళం తిప్పొద్దని ఓనర్‌కి చెప్పాను. ఆ చెకింగ్ మొత్తం కెమెరాలో తీసి వచ్చే వీడియోలో పెడతాను.